నల్లబట్టలు వద్దన్న శివాజీ

ఏడాదిలో రెండు నెలలు శివాజీ దేవుడు. మిగతా పది నెలలు దొంగ. బిలాస్‌పూర్ స్టేషను వెనక, పట్టాల పక్కనున్న బస్తీలో ఏ తెలుగింటి గడప తొక్కి అడిగినా కొన్నేళ్ళ కిందట ఈ మాటే చెప్పేవాళ్ళు. కార్తీకం వచ్చిందంటే నల్లపంచె, మెడలో అయ్యప్ప మాల, నుదుట విభూతి. చిన్నా పెద్దా తేడా లేకుండా అంతా "స్వామీ" అని చేతులెత్తడమే. శబరిమల వెళ్ళొచ్చి మాల తీశాడంటే మాత్రం, అదే మనిషి సందు మలుపులో కనబడగానే ఆరబెట్టిన గిన్నెలు లోపలికి పోయేవి, సైకిళ్ళకి తాళాలు పడేవి.

ఇప్పుడతను దేవుడూ కాదు, దొంగా కాదు. రైలు పెట్టెలు కడిగే వాషింగ్ లైన్లో కాంట్రాక్టు పనివాడు. పొడుగాటి మనిషి. ముందు పళ్ళు రెండు లేవు, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఇందులో గొప్పేముంది అనిపిస్తుంది చూసేవాళ్ళకి. ఉంది. దేవుడిలా కనబడ్డానికి నల్లబట్టలు చాలు, దొంగగా బతకడానికి నాలుగు ఇరుకు సందులు చాలు. రోజూ పొద్దున్నే లేచి మామూలు మనిషిగా ఉండడానికి ఎంత గుండె కావాలో అతన్నే అడగాలి.

శివాజీ తాత శ్రీకాకుళం వైపు నుంచి బొగ్గింజన్ల కాలంలో ఇక్కడికి వచ్చాడు. తండ్రి ఎర్రయ్య లోకో షెడ్డులో ఖలాసీ. డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. అలా పోతే కొడుక్కి ఉద్యోగం ఇవ్వడం రైల్వేలో ఉన్న పద్ధతే. కానీ అప్పటికే శివాజీ పార్సిల్ గోదాములో మూటలు మోస్తూ, నడుం నొప్పికని మొదలుపెట్టిన బిళ్ళలకి అలవాటుపడి ఉన్నాడు. బిళ్ళ నుంచి దగ్గుమందు సీసాకి, సీసా నుంచి సూదికి. దిగే మెట్లు ఒక్కొక్కటీ చిన్నవే, అందుకే దిగుతున్నట్టు తెలియలేదు. మెడికల్ టెస్టుకి రమ్మన్న రోజున ఆసుపత్రి బెంచీ మీద తల వేలాడేసి నిద్రపోయాడు. పేరు రెండుసార్లు పిలిచారు. తరవాత వేరేవాడి పేరు పిలిచారు. మళ్ళీ ఇచ్చిన అవకాశాన్నీ అలాగే తగలేసుకున్నాడు.

తండ్రి ప్రాణం పెట్టి ఇచ్చిపోయిన రైల్వే ఉద్యోగాన్ని పోగొట్టుకున్నవాణ్ణి మన రైల్వే తెలుగువాళ్ళు హంతకుడికన్నా ఒక మెట్టు కింద కూచోబెడతారు. హంతకుడికైనా వకీలు దొరుకుతాడు. శివాజీకి ఆ పాటి దిక్కు కూడా లేదు. క్వార్టరు ఖాళీ చెయ్యమన్నారు. తల్లి కనకం మూటా ముల్లే కట్టుకుని పట్టాల పక్క రేకుల గదిలోకి మారి, ఆఫీసర్ల బంగళాల్లో వంటపనికి కుదిరింది. ఆవిడ తెచ్చేది తెస్తూ ఉంటే కొడుకు మోసుకుపోయేది మోసుకుపోయేవాడు. ముందు ఇత్తడి పోయింది, తరవాత స్టీలు పోయింది, ఆఖరికి కుక్కరు పోయింది. విజిలు ఒక్కటీ మిగిలింది, విడిగా దాన్ని ఎవరూ కొనరని. ఆ విజిల్ని చేతిలో పట్టుకుని కనకం ఆ రోజు ఏడవలేక నవ్వింది.

అలాంటి రోజుల్లోనే ఆవిడకి మాల సంగతి తట్టింది. ఊళ్ళోనే తోర్వా పేటలో చంద్రమౌళి అని ఒకాయన ఉన్నాడు. గూడ్సు గార్డుగా చేసి రిటైరై అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఏటా రైల్వే తెలుగువాళ్ళకి మాలలు వేసి, జట్టుగా రైలెక్కించి కొండకి తీసుకెళ్ళే గురుస్వామి ఆయనే. కనకం కొడుకుని లాక్కుపోయి ఆయన గుమ్మంలో పడేసింది.

"బాబూ, ఈణ్ణి మీరే బాగుసెయ్యాల. డాక్టర్లయిపోనారు, మంత్రగాళ్ళయిపోనారు. ఇంక మిగిలింది ఆ సామే."

చంద్రమౌళి శివాజీ వంక ఎగాదిగా చూశాడు. "మెడలో మాల పడితే ఎవడైనా స్వామేనమ్మా. కానీ నేమం తప్పకూడదు మరి. ఏటంటావురా, ఉండగలవా?"

"ఉంటాను," అన్నాడు శివాజీ. ఆ మాటన్నప్పుడు అతని నోటికి తప్ప ఒంట్లో మిగతా దేనికీ ఆ నమ్మకం లేదు.

కానీ ఉన్నాడు. తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుంటుంటే ఎముకల్లో ఎవరో దబ్బనాలు గుచ్చినట్టుండేది. ముక్కు ధారగా కారేది, కడుపు జారిపోయేది, కంటిమీద కునుకు ఉండేది కాదు. మత్తు మానినవాడి ఒళ్ళు పడే బాధ అదని కనకానికి ఎవరు చెప్తారు? "ఒంట్లో ఉన్న పాపమంతా సామి కడిగీస్తన్నాడు," అని పొరుగువాళ్ళకి చెప్పుకుంది. మందూ మాకూ లేకుండా ఆ నరకాన్ని పళ్ళబిగువున పట్టినవాణ్ణి పిరికివాడనడానికి వీల్లేదు. అతన్ని నిలబెట్టింది ఇంకొకటి కూడా ఉంది. నిన్నటిదాకా శాపనార్థాలు పెట్టిన తల్లి వంగి తన కాళ్ళకి దణ్ణం పెడుతోంది. "తినండి స్వామీ" అని ఎదురుగా కూచుని వడ్డిస్తోంది. మనిషన్నవాడెవడు కాదంటాడు?

యాత్ర అయింది. తిరిగొచ్చాక తల్లి చేతులతో మాల తీయించుకోవడం వాళ్ళ ఆనవాయితీ. కనకం తీసింది. దాంతోపాటే ఆ "అండీ" పోయింది, ఆ దణ్ణమూ పోయింది. వారం తిరక్కుండా శివాజీ, సూదులు ఎక్కించుకునేవాళ్ళు చేరే కూలిపోయిన గోదాము గోడ వెనక తేలాడు. మరుసటేడు మళ్ళీ మాల, మళ్ళీ గోడ.

మూడో ఏడు చిన్నారావు కూడా వేసుకున్నాడు. చిన్నారావు క్వార్టర్ల నాటి జోడు. ఇద్దరూ ఒకే బళ్ళో చదువు మానేశారు, ఒకే గోడ వెనక పాడయ్యారు. జట్టుగా కొండెక్కి వచ్చారు. ఒకే పొద్దున ఇద్దరి తల్లులూ మాలలు తీశారు. ఆ వారంలోనే ఇద్దరూ పాతచోటికి చేరారు. మాలకి ముందు ఎంత ఎక్కించుకునేవాడో చిన్నారావు ఆ రోజూ అంతే ఎక్కించుకున్నాడు. పిసరంత ఎక్కువ కాదు. శివాజీ వంతు ఇంకా రాలేదు. గోడకి ఆనుకున్న స్నేహితుడు నిద్రపోతున్నాడనే అనుకున్నాడు, పెదవులు నీలంగా మారేదాకా. భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తాడు. చేయగలిగింది ఏమీ లేకపోయింది.

చిన్నారావు శవం లేవకముందే బస్తీ తీర్పు చెప్పేసింది: కొండ మీద ఏదో అపచారం చేసుంటాడు, స్వామి ఊరుకుంటాడా? చిన్నారావు తల్లి అప్పలనర్సమ్మ కడుపుకోతతో పాటు ఆ మాట కూడా మోసింది. నీళ్ళ పంపు దగ్గర ఆవిడ వస్తే ఆడవాళ్ళు బిందెలు పక్కకి జరుపుకునేవాళ్ళు. మనుషులు ఎంత దయలేనివాళ్ళు కాగలరో చెప్పడానికి పెద్ద పెద్ద యుద్ధాలు చూపించనక్కర్లేదు, ఒక నీళ్ళ పంపు చాలు.

కనకం మాత్రం దీనిలోంచి ఇంకో పాఠం నేర్చుకుంది. నాలుగో ఏడు కొడుకు కొండ నుంచి దిగి వచ్చి ఎదురుగా కూచుంటే, ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాను తియ్యను గురుసామీ. తీసినప్పుడల్లా నా కొడుకు నాకు కాకుండా పోతన్నాడు. ఉండనీండి. బతికున్నన్నాళ్ళూ ఉండనీండి."

చంద్రమౌళి ఉద్యోగమంతా గూడ్సు బండి చివర కూచుని ఎర్రజెండా చూపించినవాడు. ఆ రోజు ఆ తల్లికి చూపించలేకపోయాడు. పోనీలే, మంచిదేగా అనుకున్నాడు. అలా శివాజీ ఏడాది పొడుగునా స్వామి అయ్యాడు. పక్కింటి ఛత్తీస్‌గఢీ వాళ్ళు "బారామాసీ స్వామీ", పన్నెండు నెలల స్వామి, అని పేరు పెట్టారు. వెక్కిరింతగా పెట్టినా, పిలిచేటప్పుడు చేతులు జోడించే పిలిచేవాళ్ళు.

ఎండలు ముదిరేదాకా బాగానే ఉన్నాడు. తరవాత ఒక రోజు, ఒక్కటంటే ఒక్క రోజు అనుకుంటూ, గోడ వెనక్కి వెళ్ళాడు. ఆ ఒక్క రోజు ఎవరూ పట్టుకోలేదు. అదీ ప్రమాదం. ఇదివరకైతే కళ్ళు ఎర్రబడితే చాలు, బస్తీ అంతా పసిగట్టేది. ఇప్పుడు కళ్ళు మూతలు పడితే ధ్యానం అన్నారు. తిండి సయించకపోతే ఉపవాసం అన్నారు. నల్లచొక్కా పొడుగు చేతుల కింద ఏముందో ఎవరు చూస్తారు? స్వామి చెయ్యి పట్టుకుని చూడ్డం ఎంత పాపం!

వానాకాలం చివర తోర్వాలో ఒక బ్యాంకు ఉద్యోగి గృహప్రవేశం జరిగింది. భజన పెట్టారు. శివాజీని ముందు వరసలో కూచోబెట్టారు. వచ్చేముందు గోడ వెనక ఆగి వచ్చాడన్న సంగతి అతనికొక్కడికే తెలుసు. డోలక్ జోరందుకునేసరికి అతని తల వాలింది, ఒళ్ళు ముందుకీ వెనక్కీ ఊగింది, కనుగుడ్లు పైకి తిరిగాయి.

"పూనేడు! సామి పూనేడు!" అని ఎవరో కేక పెట్టారు.

ఇంక చూడాలి. కొబ్బరికాయలు పగిలాయి. ఆడవాళ్ళు పళ్ళెంలో కర్పూరం వెలిగించి ముఖం ముందు తిప్పారు. ఒకావిడ పసిబిడ్డని తెచ్చి ఒళ్ళో పెట్టింది. శివాజీకి మత్తులోంచి కళ్ళు తెరుచుకునేసరికి ఎదురుగా మంట, ఆ మంట వెనక తల్లి. చేతులు జోడించి, ఆనందంతో ముఖమంతా తడిసిపోయి, తన్మయంగా చూస్తోంది. తన జన్మలో అంతకన్నా సిగ్గుపడ్డ క్షణం లేదని శివాజీ అంటాడు. దొంగతనం చేసి తన్నులు తిన్న రోజున కూడా అంత సిగ్గుపడలేదట. ఒళ్ళో బిడ్డని జారవిడుస్తానేమోనన్న భయంతో మత్తంతా దిగిపోయింది.

బిడ్డని జాగ్రత్తగా అందించి, లేచి పెరట్లోకి నడిచాడు. చంద్రమౌళి వెనకే వచ్చాడు. శివాజీ చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. మోచేతి లోపల అంతా పుళ్ళు, నల్లటి గాట్లు. గురుస్వామి అక్కడే బట్టలుతికే బండ మీద కూలబడ్డాడు.

"ఎన్నాళ్ళబట్టి?"

"ఎండాకాలంనుంచి. గురుసామీ, ఇది తీసీండి. ఇదున్నంతకాలం నన్నెవులూ అడగరు."

చంద్రమౌళి తన చేతులతోనే మాల తీశాడు. అక్కడిదాకా బాగుంది. కానీ కనకానికి నిజం చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. స్వామి ఒంట్లోకి వచ్చాక దీక్ష నిండినట్టే, అందుకే తీశాను అన్నాడు. ఆవిడ మరింత పొంగిపోయింది. మంచివాళ్ళు ఆడే అబద్ధాలకి ఆయుష్షు ఎక్కువ. మర్నాడే, పాత అలవాటు తిరగబడకుండా మందు ఇప్పిస్తానని కనకానికి చెప్పి, శివాజీని స్కూటరు ఎక్కించుకుని, మత్తు మాన్పించే సర్కారీ కేంద్రానికి తీసుకెళ్ళి అప్పగించాడు.

అక్కడ నర్సు భానుప్రియ. మన రైల్వే పిల్లే, తాత గ్యాంగ్‌మన్ చేశాడు. తెలుగూ హిందీ ఒకే గుక్కలో కలిపి మాట్లాడుతుంది. సూదికి బదులుగా ఒక బిళ్ళ ఇస్తారనీ, అది రోజూ ఇక్కడికే వచ్చి నాలిక కింద పెట్టుకోవాలనీ, కరిగిందాకా కూచోవాలనీ చెప్పింది.

"దీంతో నషా రాదు భయ్యా. ఒళ్ళు నొప్పులుండవు, దానికోసం మనసు లాగదు. డాక్టరుగారు మెల్లిగా తగ్గిస్తారు. నీ అంతట నువ్వు మానీకు, సమ్‌ఝే?"

"మాల యేసుకున్నప్పుడు అన్నీ మానీసీవోణ్ణి గదమ్మా. చన్నీళ్ళతోనే."

భానుప్రియ చేతిలో పని ఆపింది. "అదే డేంజర్ భయ్యా. అన్నాళ్ళు మానితే ఒళ్ళు అలవాటు మర్చిపోతాది. మళ్ళీ పాత మోతాదు ఏసుకుంటే ఊపిరి ఆగిపోతాది. ఇక్కడ చాలామంది అలాగే పోయారు."

శివాజీకి గోడకి ఆనుకుని ఉన్న చిన్నారావు కనిపించాడు. పిసరంత ఎక్కువ వేసుకోలేదు వాడు. అది పొరపాటే గానీ పాపం కాదు. అంత చిన్న సంగతి చెప్పేవాడు ఒక్కడు లేక మనిషి పోయాడు. కేంద్రం మెట్ల మీద కూచుని శివాజీ బావురుమన్నాడు.

ఆ సాయంత్రం అతను చేసిన పని ఒక్కటి చాలు, అతన్ని మెచ్చుకోడానికి. తిన్నగా అప్పలనర్సమ్మ ఇంటికి వెళ్ళి చెప్పాడు. "పిన్నీ, నీ కొడుకు ఏ అపచారమూ సెయ్యలేదు. మందు మానీసిన ఒంటికి పాత మందు ఎక్కువైపోయింది. అంతే. ఆసుపత్రిలో సెప్పారు."

ఆవిడ కలుపుతున్న చపాతీ పిండి వదిలేసి, గుమ్మంలోకి వచ్చి, వీధిలో ఉన్న ఆడవాళ్ళందరినీ పిలిచింది. "ఇప్పుడు సెప్పు నాయనా. గట్టిగా సెప్పు."

శివాజీ గట్టిగా చెప్పాడు.

ఆ తరవాతి రోజుల గురించి కథగా చెప్పడానికేమీ లేదు, అదే వాటి గొప్ప. పొద్దున్నే కేంద్రానికి నడక, నాలిక కింద బిళ్ళ, నోరు తెరిచి చూపించడం, అక్కణ్ణుంచి వాషింగ్ లైనుకి. బిల్హా నుంచి లోకల్లో వచ్చే కూలీలతో కలిసి పెట్టెలు తోమడం. ఒక పెట్టెలో మరుగుదొడ్డి కడుగుతుంటే మూలన ఎవరో వాడి పారేసిన సూది కనబడింది. ఆ రోజు మనసు లాగడం తగ్గేదాకా పైపు నీళ్ళు నెత్తిన పోసుకుని నిలబడ్డాడు. ఒకసారి తప్పాడు కూడా. మర్నాడు భానుప్రియ అడక్కముందే తనే చెప్పాడు. ఆ పిల్ల తిట్టలేదు, "అచ్ఛా, వచ్చావు కదా" అని కుర్చీ చూపించింది. "ఇంకా ఆ గోలీ మీదే ఉన్నావేటి?" అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే, "నీ బీడీ నువ్వు మానీ, అప్పుడడుగు" అని నవ్వేసేవాడు.

మరుసటి కార్తీకం దగ్గరపడింది. కనకం గోల్‌బజారు నుంచి కొత్త నల్లగుడ్డ తెచ్చింది, మాల తెచ్చింది. బిళ్ళలు మానేసి మాల వేసుకోమంది.

"అది మందు కాదురా, మత్తుబిళ్ళ. అక్కడ సూది, ఇక్కడ బిళ్ళ. ఏటి తేడా? సామే నీ ఒంట్లోకి వచ్చీసినాడు గదా, నా కళ్ళతో సూసాను. అలాటోడికి ఆ బిళ్ళేటి?"

చంద్రమౌళి మధ్యలోకి వచ్చాడు. "నేను బీపీ మాత్రలు మింగుతూనే కొండెక్కుతున్నాను కదా కనకం. వాడు ఆ మందు వేసుకుంటూనే మాల వేసుకుంటాడు, డాక్టరుతో మాట్లాడదాం."

"మీ బీపీ ఏరు గురుసామీ," అని ఆవిడ తేల్చేసింది. అంతటితో ఆగలేదు. కొడుకు తెచ్చిన బియ్యంతో వండింది తినడం మానేసింది. బంగళాలో పెట్టిన ముద్ద తిని వచ్చి, నీళ్ళు తాగి పడుకునేది. "నీ బిళ్ళల కూడు నాకొద్దు."

శివాజీకి ఇది ఎంత కష్టమో ఆలోచించాలి. బిళ్ళ మానితే ఒళ్ళు మళ్ళీ సూదిని అడుగుతుంది. మాల ఉన్నన్నాళ్ళూ అడక్కుండా ఉన్నా, తీసిన మర్నాడు అడుగుతుంది. అప్పుడు ఒక్కసారి తప్పినా చిన్నారావు దారే. మానకపోతే తల్లి తిండి ముట్టదు. కుక్కరు దాకా తను అమ్మేసినా కడుపులో పెట్టుకున్న తల్లి! ఆవిడ కోరిందల్లా ఒక్కటి, తన కొడుకు మళ్ళీ దేవుడు కావాలని. కాదనడానికి అతనికి ఏం మొహముంది?

మాలలు వేసే రోజున, ఇంకా కేంద్రం తెరవకముందే, తల్లి వెంట చంద్రమౌళి ఇంటికి వెళ్ళాడు. తల్లి కుట్టించిన నల్లచొక్కా వేసుకునే వెళ్ళాడు. హాల్లో పటాల ముందు పదిమంది స్వాములు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు. కనకం వెనక వరసలో మోకాళ్ళ మీద లేచి చూస్తోంది. గురుస్వామి మాల పట్టుకుని ముందుకు వంగాడు.

శివాజీ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. తరవాత లేచి, వెనక్కి తిరిగి, తల్లికేసి చూసి చెప్పాడు.

"అమ్మా, ఆరోజు నాకు సామి పూనలేదు. నాను సూదేసుకుని వచ్చాను. మత్తుకి ఊగాను. మీరు హారతిచ్చారు."

"అబద్దం," అంది కనకం. "గురుసామీ, మీరు సెప్పండి. అబద్దమాడతన్నాడు."

చంద్రమౌళి మాల పళ్ళెంలో పెట్టేశాడు. "నిజమేనమ్మా. ఆ రోజే నాకు తెలుసు. నేనే దాచాను. తప్పు నాది."

"ఈ బట్టలేసుకుంటే నన్నెవులూ సూడ్రమ్మా," అన్నాడు శివాజీ. "సామినే సూస్తారు. నన్ను సూడాల. నా కళ్ళు సూడాల, నా సేతులు సూడాల. నన్ను అనుమానించాల. నువ్వు దణ్ణం పెట్టినప్పుడల్లా నాకు ఒక దారి తెరుసుకుంటంది. నాకా దారి వద్దు. నాకు బతకాలనుంది."

కనకం లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా వీధిలోకి వెళ్ళిపోయింది. పదిమందిలో కొడుకు తనని అలా నిలబెట్టినందుకు ఆవిడ పడ్డ అవమానం చిన్నది కాదు. శివాజీ పటాలకి దణ్ణం పెట్టుకుని, గురుస్వామి కాళ్ళకి మొక్కి, ఆ నల్లచొక్కాతోనే కేంద్రానికి నడిచాడు. "ఏటి భయ్యా, ఈ వేషం?" అంది భానుప్రియ. అతను కుర్చీలో కూచుని నోరు తెరిచాడు. బిళ్ళ కరిగేదాకా కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ పిల్ల చూసీ చూడనట్టు కిటికీ తుడుచుకుంటూ ఉంది.

ఆ తరవాత కనకం కొడుకుతో మాట్లాడలేదు. ఒకే గదిలో ఇద్దరూ ఒకరినొకరు తప్పుకుంటూ తిరిగారు. అతను రోజూ బియ్యం కడిగి, అన్నం వండి, ఆవిడ కంచంలో పెట్టి మూత వేసేవాడు. తెల్లారి చూస్తే మూత తీసి ఉండేది కాదు. ఆ చల్లటి అన్నమే తను తిని కేంద్రానికి వెళ్ళేవాడు. మానలేదు. అన్నం పెట్టడమూ మానలేదు, బిళ్ళా మానలేదు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలో అప్పలనర్సమ్మ చెప్పులున్నాయి. లోపల ఇద్దరు తల్లులూ ఎదురెదురుగా కూచుని ఉన్నారు. చాలాసేపటినుంచి మాట్లాడుకుంటున్నట్టుంది. శివాజీ తడిసిన గమ్‌బూట్లు విప్పుతుంటే అప్పలనర్సమ్మ గొంతు వినబడింది.

"నాకూ సూడబుద్దయింది కనకం. మాల తీసిన మూడోనాడు ఆడు సొక్కా మార్సుకుంటే, సెయ్యి సూడాలనిపించింది. సామి దగ్గరనించి ఇప్పుడే వచ్చాడు, అనుమానిస్తే పాపమని కళ్ళు తిప్పీసుకున్నాను. ఆ సెయ్యి పట్టుకుని సూసుంటే నా కొడుకు నాకుండును. నీ కొడుకు నిన్ను సూడమంటన్నాడు. ఎంత అదురుష్టం నీది!"

ఆవిడ లేచి, శివాజీ తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

కనకం గూట్లో ఉన్న కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది.

"ఇలా రారా. లైటు కిందకి రా."

శివాజీ వెళ్ళి ఎదురుగా కూచున్నాడు. ఆవిడ అతని కుడి చెయ్యి ఒళ్ళోకి తీసుకుని చొక్కా భుజం దాకా మడిచింది. ఆ పాత గాట్లు ఆవిడ చూడ్డం అదే మొదటిసారి. ఒక్కొక్క దాని మీదా వేలు పెట్టింది. ఎన్ని ఉన్నాయో చూసి పెదవి బిగబట్టిందే గానీ ఆగలేదు. మోచేతి మడత చూసింది, మణికట్టు చూసింది, వేళ్ళ సందులు విడదీసి చూసింది. ఎడమ చెయ్యీ అలాగే చూసింది. పాదాలు చూసింది. గడ్డం పట్టుకుని ముఖం వెలుగులోకి తిప్పి, కనురెప్పలు పైకి లాగి కళ్ళు చూసింది. సంతలో ఎద్దుని కొనేవాళ్ళు కూడా అంత నిదానంగా చూడరు. శివాజీ చిన్నపిల్లాడిలా, ఎటు తిప్పితే అటు తిరిగాడు.

"అన్నీ పాతవే," అంది చివరికి.

"పాతవేనమ్మా."

కనకం చొక్కా చేతులు కిందికి దింపి బొత్తాం పెట్టింది. లేచి, ఆ పొద్దున అతను వండి మూతపెట్టి వెళ్ళిన గిన్నె తీసి, రెండు కంచాలు వేసింది.

"రేపూ సూస్తాను," అంది అన్నం వడ్డిస్తూ. "ఎల్లుండీ సూస్తాను. కోప్పడ్డావంటే ఊరుకోను."

"సూడమ్మా," అన్నాడు శివాజీ. తల్లి మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేదాకా తన కంచం ముట్టలేదు.